గాలివైపు మనిషి

రెండు దోనెలు, మధ్యన అడ్డ వాసాలు, పైన చెక్క బల్ల.
దీన్ని మా రేవులో సంగడి అంటారు.
స్నేహానికీ అదే మాట. లోవరాజు మాత్రం
ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు.

ఎడమ దోనె పక్కన సున్నంతో రాసుంది:
సరంగూ కళాసీ గాక ఎనిమిది మంది.
ఆ కళాసీని నేను.
పద్దెనిమిదేళ్లు, నలభై మూడు కిలోలు.
ధాన్యం కాటా మీద నిలబెట్టి తూచి మరీ
పనిలో పెట్టుకున్నాడు.
తెడ్డు వెయ్యడం వచ్చా అని అడగలేదు.
"కేకెయ్యగానే గాలివైపు పాకగలవా మంగా?" అన్నాడు.

నా బరువే నా ఉద్యోగం.
పైరగాలి చాపలో పడితే
అటువైపు దోనె నీళ్లలోంచి మోకాలెత్తుతుంది,
బల్ల మీద తట్టలు జారతాయి,
కాళ్లు కట్టిన కోళ్లు గోల పెడతాయి.
నేను వాసం కొసదాకా పాకి
తాడు పట్టుకుని
గౌతమికి వీపు అప్పగించి వేలాడతాను.
జడ నీళ్లలో తడుస్తుంది.
దోనె దిగి కూర్చుంటుంది,
అలిగిన పెళ్లికొడుకు మళ్లీ పీట మీద కూర్చున్నట్టు.

ఎనిమిదంటే ఎనిమిదేనా అని రోజూ తగువే.
కొప్పిశెట్టి వీర్రాఘవులు ఒక్కడే ఇద్దరు.
బడిపిల్లలు ముగ్గురైతే ఒక మనిషి,
పుస్తకాల సంచులు తడిస్తే ఒకటిన్నర.
కొబ్బరికాయల బస్తా టిక్కెట్టు కొనదు,
కూర్చోవడం మాత్రం కాళ్లు చాపుకుని కూర్చుంటుంది.

లోవరాజు లెక్క అంకెల్లో లేదు.
దోనె అంచుకి జానెడు కింద ఒక తారు గీత.
మోకాలి లోతు దిగి
దాని మీద బొటనవేలు ఆనించి చూసేవాడు.
గీత మునిగితే ఒకరు దిగాల్సిందే.
"ఎవరన్నది మీరే తేల్చుకోండి, ఆయ్"
అని బీడీ ముట్టించేవాడు.

దిగేది ఎప్పుడూ
చెప్పుల్లేని మనిషేనని తెలియడానికి
నాకు రెండు వానాకాలాలు పట్టింది.

మృగశిర కార్తెలో ఓ సాయంత్రం,
ఎనిమిది మందీ ఎక్కేశాక,
లంకలోంచి నులక మంచం మీద తెచ్చారు సత్తెవేణిని.
నెలలు నిండాయి. పళ్ల మధ్య కొంగు.
ఆసుపత్రి అవతలి ఒడ్డున.
గీత మునిగింది.
ఎవరూ లేవలేదు. అందరూ నీళ్లకేసి చూశారు,
అందులో ఏదో పారేసుకున్నట్టు.
లోవరాజు నాకేసి చూశాడు.

దిగాను.
నా చోట వాసం కొసకి
ఇసక బస్తా కట్టాడు, నాలో సగం ఉంటుంది.
గీత సగం తేలింది.
"సగం చాల్లే" అన్నాడు.
అతను అలా అనడం నేను అంతకు ముందు వినలేదు.

రేవు బురదలో నిలబడ్డాను.
నది నడిమికి వెళ్లాక తాటాకులు గలగలలాడాయి.
గాలి ముందు నాకు తగిలింది, తర్వాత చాపకి.
దోనె లేచింది.
అలవాటు కొద్దీ లోవరాజు కేక:
"గాలికి, మంగా, గాలికి!"
ఇసక కదల్లేదు.
ఒడ్డున నా నడుం దానంతటదే వెనక్కి వంగింది,
పిడికిళ్లలో లేని తాడు.
ఇంత దూరం నుంచి నా బరువు
ఎవరికీ పనికి రాలేదు.

అప్పుడు బల్ల మీద
ఒక పెద్ద ఆకారం నాలుగు కాళ్ల మీద పాకింది.
పంచె సగం ఊడి,
వాసం కొసన బస్తాని కావిలించుకుని
అవతలికి వేలాడింది.
వీర్రాఘవులే. ఈత రాని వాడు.
దోనె కూర్చుంది.

చీకటి పడ్డాక సంగడి ఖాళీగా తిరిగొచ్చింది.
"ఆడపిల్ల" అన్నాడు లోవరాజు.
బస్తా విప్పి ఇసక ఏట్లో కుమ్మరించాడు.
"దీనికి చెవులుండవు" అన్నాడు,
ఇంకేం అనలేదు.

తెల్లారి సున్నం డబ్బా తెచ్చి
ఎనిమిదిని చెరిపి ఏడు రాశాడు.
ఏడుగురి డబ్బుతో మా ఇద్దరికీ కూలి గిట్టదు,
ఆ సంగతి అతనికీ తెలుసు, నాకూ తెలుసు.
వీర్రాఘవులు వచ్చి అంకె చదివి
చాలాసేపు గొణిగాడు.
తర్వాత రెండు టిక్కెట్ల డబ్బులు
బల్ల మీద పెట్టి
గాలివైపు కూర్చున్నాడు.